మాట నోట్లోనే ఉంది.. బయటికి రాదేం?

జల్లెడను ఇంగ్లిష్‌లో ఏమంటారో టక్కున చెప్పండి. రోకలిని? గొళ్లేన్ని? పోనీ, అన్నం తింటుంటే పొలమారడాన్ని? ఎప్పుడో బడిలో నేర్చుకున్నదే. మీకు తెలుసన్న సంగతీ మీకు తెలుసు. మొదటి అక్షరం కూడా గుర్తొస్తుంది. మాట మాత్రం రాదు. రాత్రి పడుకోబోయే ముందు, దాని సంగతే వదిలేశాక, పిలవని చుట్టంలా వచ్చి కూర్చుంటుంది.

పెద్దపల్లిలో మా ఓపీకి ఈ బాధతో వచ్చేవాళ్లు తరచూ కనిపిస్తారు. ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ చెప్పి రిటైరైన ఒక సారు అలాగే వచ్చారు. మనవరాలు హోంవర్క్ చేస్తూ జల్లెడకు ఇంగ్లిష్ మాట అడిగిందట. సారుకు గుర్తురాలేదు. ఆ రోజు నుంచి ఆయనకు సరిగా నిద్ర లేదు. వాళ్ల నాన్న చివరి రోజుల్లో ఇంట్లోవాళ్లనే గుర్తుపట్టలేదు. తనకూ అదే మొదలైందని ఆయన భయం. పరీక్షలన్నీ చేసి, అలాంటిదేమీ లేదని చెప్పాక కూడా ఆయన ముఖం తేలికపడలేదు. అప్పుడు ఒక మనిషి కథ చెప్పాను. అది మీకూ చెప్తాను.

రైతు మాట అర్థం కాని దొర

ఆయన పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. మనందరికీ సీపీ బ్రౌన్. 1798 నవంబర్ 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. హీబ్రూ, అరబిక్, పర్షియన్ లాంటి భాషలు కొడుక్కి చిన్నతనంలోనే నేర్పించారు. 1812లో ఆయన చనిపోయాక కుటుంబం ఇంగ్లండ్ చేరింది. బ్రౌన్ అక్కడ హెయిలీబరీ కాలేజీలో కంపెనీ కొలువు కోసం చదువుకుని, 1817 ఆగస్టులో మద్రాసులో దిగారు. అప్పటికి తెలుగు ముక్క రాదు. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర ఓనమాలతో మొదలుపెట్టి, 1820లో పరీక్ష పాసై, కడప కలెక్టరు కింద ఉద్యోగంలో చేరారు.

పాసయ్యారు గానీ, కచేరీకి వచ్చిన రైతు మాట్లాడే తెలుగు వేరు, పుస్తకంలో చదివిన తెలుగు వేరు. ఈ ఇబ్బంది నాకు బాగా తెలుసు. పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ఎంబీబీఎస్‌లో చేరాక ఇంగ్లిష్ మాట కోసం తడుముకునేవాణ్ని. డాక్టరయ్యాక కథ తిరగబడింది. కడుపులో దేవినట్టుందనో, కాలు జివ్వుమంటోందనో పేషెంట్ చెబితే, కేసు షీట్‌లో ఏం రాయాలో తోచక ఇప్పటికీ ఒక్క క్షణం పెన్ను ఆగుతుంది.

బ్రౌన్ ఇలాంటి చోట ఊరుకోలేదు. వినడం, అడగడం, రాసిపెట్టుకోవడం అలవాటు చేసుకున్నారు. 1824లో వేమన పద్యాల మీద పడ్డారు. ఒక్కో తాళపత్ర ప్రతిలో ఒక్కోలా ఉన్న పద్యాలను సరిపోల్చి, ఇంగ్లిష్‌లోకి మార్చి, 1829లో అచ్చువేయించారు. కడపలో బంగళా కొని, అందులో పండితులను, లేఖకులను పెట్టుకుని, సొంత డబ్బుతో జీతాలిచ్చి పాత కావ్యాల ప్రతులు రాయించారు. చెదలు తినేస్తున్న తెలుగు మాటలకు ఆ బంగళా నీడ అయింది.

ఒక్క మాట ఖరీదు

1832–33లో గుంటూరు సీమను భయంకరమైన కరువు పట్టింది. బ్రౌన్ అప్పుడు అక్కడే అధికారి. పైవాళ్ల కాగితాల్లో నడిచిన మాట కొరత. బ్రౌన్ మాత్రం కరువు అనే రాశారు. ఆయన పనితీరు పైఅధికారులకు నచ్చలేదు. 1834లో ఉద్యోగం పోయి లండన్ వెళ్లాల్సి వచ్చింది. మాట పక్కకు జరిగితే సాయం కూడా పక్కకు జరుగుతుందని డాక్టర్లకు వేరే చెప్పక్కర్లేదు. పక్షవాతాన్ని నీరసమని రాస్తే ఆ మనిషి గతేమిటి?

ఉద్యోగం లేని రోజుల్లోనూ ఆయన చేయి ఆగలేదు. లండన్‌లో కంపెనీవారి ఇండియా హౌస్ గ్రంథాలయంలో పడి ఉన్న దక్షిణాది రాతప్రతులను వెతికి వెలికితీశారు. 1837లో మళ్లీ కొలువు దొరికి మద్రాసు వచ్చారు. అనువాదకుడిగా, తపాలా శాఖ అధికారిగా పనిచేస్తూనే 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చారు. ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు కూడా చేశారు. తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకు 1854లో ఇంకో నిఘంటువు కూర్చారు. పండితుల మాటలతో పాటు మామూలు జనం నోటి మాటలకూ ఆయన చోటిచ్చారు.

1855లో ఇంగ్లండ్ వెళ్లిపోయారు. తెలుగు మాట వినబడని ఆ ఊళ్లో కూడా దాన్ని వదల్లేదు. అరవై ఏళ్లు దాటాక లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగా గౌరవ పదవి తీసుకున్నారు. 1884 డిసెంబర్ 12న, ఎనభై ఆరేళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ ఏడాదే ఇంకో డాక్టర్

బ్రౌన్ నిఘంటువు వచ్చిన 1852లోనే లండన్‌లో ఇంకో పుస్తకం వచ్చింది. రాసింది మా వృత్తివాడే, డాక్టర్ పీటర్ మార్క్ రోజెట్. తనకు సరైన మాట అందడం లేదని, 1805 నుంచి సొంతానికి మాటల పట్టికలు రాసుకున్నారు. అవి పెరిగి పెరిగి, డెబ్బై మూడేళ్ల వయసులో థెసారస్‌గా బయటికొచ్చాయి. అందులో మాటలు అక్షర క్రమంలో కాదు, భావాల వారీగా ఉంటాయి. అంటే మాట గుర్తులేనివాడు అర్థం పట్టుకుని మాట దగ్గరికి వెళ్లొచ్చు. ఇంగ్లిష్ తల్లిభాష అయిన డాక్టర్‌కే ఆ అవసరం పడితే, మీరూ నేనూ సిగ్గుపడటం ఎందుకు?

మెదడులో జరిగేది ఇదే

మాట అర్థం ఒకచోట, దాని శబ్దం ఇంకోచోట ఉంటాయనుకోండి. రెంటికీ మధ్య కాలిబాట ఉంటుంది. రోజూ నడిచే బాట నున్నగా ఉంటుంది. పదేళ్లు నడవకపోతే గడ్డి మొలుస్తుంది. జల్లెడ ఇంగ్లిష్ పేరు మీ మెదడులోంచి పోలేదు, బాట మూసుకుపోయిందంతే. వయసు పెరిగేకొద్దీ ఇది అందరికీ కొంత ఎక్కువవుతుంది. మనుషుల పేర్లు, అరుదైన మాటలు ముందు జారతాయి. తర్వాత ఎప్పుడో గుర్తొచ్చినా, ఎవరైనా మొదటి శబ్దం అందిస్తే దొరికినా, అది రోగం కాదు.

నిద్ర చాలకపోవడం, దిగులు, థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 తగ్గడం, కొన్ని నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు కూడా మాటలకు అడ్డుపడతాయి. వీటికి మందుంది. కాబట్టి మతిమరుపని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి.

ఇంకో మంచి కబురు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒక్క భాషే వచ్చినవారి కంటే, రెండో అంతకంటే ఎక్కువో భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. రెండు భాషలుంటే జబ్బే రాదని దీనర్థం కాదు. అయినా ఇంట్లో తెలుగు, అంగట్లో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లిష్ మాట్లాడే మన అలవాటు తీసిపారేసేది కాదు.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి?

గొళ్లెం లాంటి మాట కాదు, గిన్నె, చెప్పు, నీళ్లు లాంటి రోజువారీ మాటలు తరచూ పోతుంటే రండి. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతుంటే, తెలిసిన దారి తప్పుతుంటే, డబ్బు లెక్క చూసుకోలేకపోతుంటే ఇంట్లోవాళ్లు తీసుకురండి. ఇలాంటివి ఆ మనిషి కంటే ముందు పక్కవాళ్లకే కనిపిస్తాయి.

మాట ఉన్నట్టుండి పడిపోయినా, ముద్దగా వచ్చినా, మూతి వంకరపోయినా, చేయి బరువెక్కినా మాత్రం ఒక్క నిమిషం ఆలోచించకండి. 108కి ఫోన్ చేయండి. అది పక్షవాతం కావచ్చు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.

మామూలు మరపుకైతే బ్రౌన్ చేసిందే చేయండి. మాట రాకపోతే పక్కవాళ్లను అడగండి. దొరికాక పైకి పలకండి. రాసిపెట్టుకోండి. వారంలో ఒకసారైనా వాడండి. ఫోన్‌లో చూడటం తప్పు కాదు, చూసి వదిలేయడమే తప్పు.

నెల తర్వాత సారు బీపీ చూపించుకోవడానికి వచ్చారు. చేతిలో చిన్న నోటుబుక్కు. మనవరాలు తెలుగు మాట అడుగుతుందట, ఈయన ఇంగ్లిష్ చెప్పాలట. రాకపోతే ఇద్దరూ కలిసి వెతుకుతారట. నిద్ర కూడా బాగానే పడుతోందన్నారు. మొదటి పేజీలో మొదటి మాట జల్లెడ. సీవ్ అనకూడదు, సివ్ అనాలని నాకే పాఠం చెప్పారు. గొళ్లెం లాచ్. రోకలి పెసిల్, అందులో టీ పలకదట. పొలమారడానికి ఎదురుగా మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. సరిగ్గా అతికే ఒక్క మాట నాకూ దొరకలేదు. మీకు దొరికితే మీ నోటుబుక్కులో రాసిపెట్టుకోండి.