ఇంటర్నెట్టుకు కరణం: జోనథన్ పోస్టెల్

చరిత్ర గ్రంథాలలో రాజుల పేర్లుంటాయి, సేనానుల పేర్లుంటాయి. ఏ పొలం ఎవరిదో, ఏ నంబరు ఎక్కడిదో వ్రాసి ఉంచిన కరణం పేరు మాత్రం ఎక్కడా కనిపించదు. 1984లో మన రాష్ట్రంలో కరణీకం రద్దయ్యే వరకు దర్శి ప్రాంతపు గ్రామాలలో ఆ లెక్కలన్నీ కరణాల చేతిలోనే ఉండేవి. లెక్క సరిగా ఉన్నచోట ఊరు ప్రశాంతంగా ఉండేది. తప్పుగా ఉన్నచోట వ్యాజ్యాలు తరాల తరబడి నడిచేవి. ప్రపంచంలోని కంప్యూటర్లకు అటువంటి కరణంగా దాదాపు మూడు దశాబ్దాలు పనిచేసిన జోనథన్ బ్రూస్ పోస్టెల్ జీవితాన్ని మన విద్యార్థులకు పరిచయం చేయాలని ఈ వ్యాసం.

తెలుగు అధ్యాపకునికి ఈ ప్రస్తావన ఎందుకని కొందరు అడుగవచ్చు. నిరుడు ఒక ఆదివారం కంప్యూటరు గది తాళం నా వద్ద ఉండుట వలన ఇద్దరు విద్యార్థులకు తోడుగా సాయంత్రం వరకు కూర్చోవలసి వచ్చింది. ఒకరు హాజరు పట్టీ ప్రోగ్రాం, మరొకరు తల్లిదండ్రులకు సమాచారం పంపే ప్రోగ్రాం వ్రాశారు. విడివిడిగా రెండూ చక్కగా నడిచేవి. ఒకదానితో ఒకటి మాత్రం మాట్లాడవు. నాలుగు గంటల తరువాత తేలినదేమంటే, ఒక ప్రోగ్రాం 5000 అనే సంఖ్య వద్ద చెవి యొగ్గి కూర్చున్నది, రెండవది 5050 వద్ద తలుపు తడుతున్నది. అది సరిచేయగానే మరొక చిక్కు వచ్చింది. ఒకరు తేదీలో ముందు రోజు వ్రాస్తే, మరొకరు ముందు నెల వ్రాశారు. ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అయి కూర్చున్నది. తెలివికి లోటు లేదు, ఒడంబడికకే లోటు. ఆ ఒడంబడికలను కూర్చుటకే తన జీవితాన్ని వెచ్చించిన వ్యక్తి ఉన్నాడని ఆ రోజే నేను తెలుసుకొన్నాను.

పోస్టెల్ 1943 ఆగస్టు 6న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఆల్టడీనాలో జన్మించారు. ఆయన చదివిన వాన్ నైస్ ఉన్నత పాఠశాలలోనే వింటన్ సెర్ఫ్, స్టీఫెన్ క్రాకర్ కూడా చదువుకొన్నారు. ముగ్గురూ తరువాత లాస్ ఏంజిల్స్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఒకే పనిలో కలిశారు. పోస్టెల్ అక్కడ 1966లో పట్టభద్రులై, 1968లో ఎం.ఎస్., 1974లో డాక్టరేటు పొందారు. పొడవాటి గడ్డము, కాళ్ళకు చెప్పులు, తీరిక దొరికితే సియెర్రా నెవాడా పర్వతాలలో కాలినడక: ఇవి ఆయనను ఎరిగిన వారందరూ చెప్పే గుర్తులు. ఆయన పేరు మన చెవికి పోస్టల్ అని వినిపించుట కేవలం యాదృచ్ఛికమే గాని, చేసిన పనికి అంతకంటె తగిన పేరు దొరకదు.

ఆయన విద్యార్థిగా చేరిన ప్రయోగశాలకు ఆచార్య లెనార్డ్ క్లైన్‌రాక్ అధిపతి. అమెరికా రక్షణ శాఖవారి ఆర్పానెట్‌కు మొదటి స్థానం ఆ ప్రయోగశాలయే. 1969 అక్టోబరు 29న అక్కడి నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధనాలయపు కంప్యూటరుకు మొదటి సందేశం వెళ్ళింది. లాగిన్ అనే మాట పంపబోతే మొదటి రెండక్షరాలు చేరగానే ఆవలి యంత్రం ఆగిపోయింది. తీగ వేసినంత మాత్రాన సంభాషణ జరుగదని మొదటి రోజే తెలిసివచ్చింది.

సంభాషణకు నియమాలు కావాలి. వాటిని వ్రాయవలసినవారు ఆ విద్యార్థులే. పెద్దలెవరైనా వచ్చి అధికారికంగా వ్రాస్తారేమోనని వారు సంకోచించారు. అందుకే 1969 ఏప్రిల్ 7న క్రాకర్ మొదటి పత్రం వెలువరించినప్పుడు దానికి శాసనమని గాని, నిబంధన అని గాని పేరు పెట్టక, అభిప్రాయాలు కోరుచున్నామనే అర్థంలో రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్ అని పేరు పెట్టారు. ఇంటర్నెట్టు రాజ్యాంగమంతా నేటికీ ఆ వినయపూర్వకమైన పేరుతోనే వెలువడుచున్నది. వచ్చిన వ్రాతలను సరిచూచి, సంఖ్య వేసి, ప్రకటించే బాధ్యత పోస్టెల్ చేతికి వచ్చింది. మరణించే వరకు ఆయనే వాటి సంపాదకులు. అప్పటికి వాటి సంఖ్య 2,400 దాటింది. మన పత్రికకు ఏడాదికొకసారి వ్యాసాలు దిద్దుటకే మేము అలసిపోతున్నాము. ఇక ఆయన ఓపికను ఊహించుకొనవలసిందే.

రెండవ పని సంఖ్యల పట్టిక. దీనిని కొంచెం వివరించాలి. ఉమ్మడి కుటుంబానికి ఉత్తరం వచ్చినదనుకొందాము. చిరునామా దానిని ఇంటి వరకు చేరుస్తుంది. ఇంట్లో నలుగురన్నదమ్ములున్నప్పుడు అది ఎవరిదో తెలుపుటకు మరొక గుర్తు ఉండాలి. కంప్యూటరు ఆ ఇల్లయితే లోపల నడిచే ప్రోగ్రాములు ఆ అన్నదమ్ములు. వారి గుర్తే పోర్టు సంఖ్య. ఉత్తరాలు తీసుకొనే ప్రోగ్రాముకు 25, దస్త్రాలు పంపే దానికి 21, పేర్లకు చిరునామాలు చెప్పే దానికి 53, వెబ్ పుటలు అందించే దానికి 80. ఒంగోలులో ఒకరు, ఒసాకాలో ఒకరు ఒకరినొకరు ఎరుగకుండా వ్రాసిన ప్రోగ్రాములు మాట్లాడుకొనగలుగుటకు కారణం ఇద్దరూ ఒకే పట్టికను చూచి వ్రాయుటయే.

1972 మే నెలలో పోస్టెల్ 349వ పత్రం వెలువరించారు. ఈ సంఖ్యలను ఎవరికి వారు ఎంచుకొంటే గందరగోళమవుతుందనీ, పంచిపెట్టుటకు ఒక జారు ఉండాలనీ ప్రతిపాదించి, ఆ జారు తానే కావచ్చునేమో అని సందేహార్థకంగా చేర్చారు. నవ్వుతూ వ్రాసిన ఆ వాక్యమే ఆయన జీవితమైనది. తరువాత ఆ పనికి ఇంటర్నెట్ అసైన్డ్ నంబర్స్ అథారిటీ అనే పెద్ద పేరు వచ్చింది. పేరు పెద్దదే గాని, ఆ అథారిటీ అంటే చాలాకాలం పోస్టెల్, 1983 నుండి ఆయనకు తోడుగా నిలిచిన జాయిస్ రేనాల్డ్స్ అనే సహోద్యోగిని, మరికొందరు సహాయకులు మాత్రమే.

1977లో ఆయన దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సమాచార విజ్ఞాన సంస్థలో చేరారు. జీవితాంతం అక్కడే ఉన్నారు. చేరిన ఏడాదే, ఆగస్టు 15న, ఒక చిన్న పత్రంలో తమ బృందం చేయుచున్న నిర్మాణం తప్పుదారి పట్టినదని నిర్మొహమాటంగా వ్రాశారు. అప్పటికి టి.సి.పి. అనే ఒకే నియమావళి రెండు పనులు చేసేది: మూటను ఊరూరా దాటించుట, చేరినదో లేదో లెక్క చూచుట. ఈ రెండింటినీ విడదీయాలని ఆయన వాదన. ఇతరుల ఆలోచన కూడా తోడై చివరికి అదే జరిగింది. దాటించుట ఐ.పి. వంతు, లెక్క చూచుట టి.సి.పి. వంతు అయినవి. లెక్క అక్కరలేక వేగమే కావలసిన ప్రోగ్రాముల కోసం 1980 ఆగస్టులో యు.డి.పి. అనే మూడవదానిని ఆయనే వ్రాశారు. మొత్తం మూడే పుటలు! మన పరీక్షలలో అదనపు కాగితాల కోసం చేతులెత్తేవారు దీనిని గమనించాలి.

1981 సెప్టెంబరులో ఆయన సంపాదకత్వాన వెలువడిన 791, 793 పత్రాలు ఐ.పి., టి.సి.పి.లకు ఆధారగ్రంథాలు. ఇద్దరు పెద్దమనుషులు కలిసినప్పుడు ఒకరు సలాం చేయుట, రెండవవారు ప్రతిసలాం చేయుట, అందినదని మొదటివారు తల ఊపుట ఉన్నది కదా! రెండు ప్రోగ్రాములు టి.సి.పి. ద్వారా మాట మొదలుపెట్టునది సరిగ్గా ఆ మూడు మెట్లలోనే. ఆ తరువాత పంపిన ప్రతి అక్షరానికి వరుస సంఖ్య ఉంటుంది. అందినదని జవాబు రాకపోతే మళ్ళీ పంపాలి. 1983 జనవరి 1న ఆర్పానెట్ అంతా పాత పద్ధతి వదలి దీనికి మారింది. ఆ మార్పుకు ప్రణాళిక వ్రాసినది కూడా పోస్టెలే.

1982 ఆగస్టులో ఈ-మెయిల్ కోసం ఆయన వ్రాసిన నియమావళి నాకు మిక్కిలి ఇష్టమైనది. పంపే ప్రోగ్రాం ముందుగా పలకరించి తన పేరు చెబుతుంది. ఆ పలకరింపు మాట హెలోయే, అయితే ఇంగ్లీషులో ఒక ఎల్ తగ్గించి నాలుగక్షరాలే వ్రాయాలి. తీసుకొనే ప్రోగ్రాం 250 అని జవాబిస్తే అంతా సవ్యమని అర్థం. ప్రతి జవాబులో ముందు మూడంకెల సంఖ్య, దాని పక్కన ఒక వాక్యం ఉంటాయి. సంఖ్య యంత్రానికి, వాక్యం మనిషికి. యంత్రాల సంభాషణను ఎప్పుడో ఒకనాడు మనిషి చదువవలసి వస్తుందని ముందుగా తలచిన దయ అందులో ఉన్నది.

ప్రోగ్రాముల మధ్య సంభాషణ అనగానే మన తెలుగువారికి ఇంకొకరు గుర్తుకు రావాలి. శ్రీకాళహస్తి సమీపంలోని కాటూరులో 1937లో జన్మించిన దబ్బల రాజగోపాల్ రెడ్డిగారు. 1970వ దశకంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం మనిషి మాటను గ్రహించే హియర్సే వ్యవస్థను నిర్మించింది. అందులోని ప్రోగ్రాములు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడవు. అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒక నల్లబల్లపై తమకు తోచినది వ్రాస్తాయి, ఇతరులు వ్రాసినది చదువుతాయి. ఆయనకు 1994లో ట్యూరింగ్ బహుమతి లభించింది. పోస్టెల్ మార్గం వేరు. ఎక్కడో ఉన్న అపరిచితుల మధ్య ఉమ్మడి బల్ల ఉండదు, అక్కడ ఉమ్మడి నియమమే దిక్కు.

పోస్టెల్ పేరుతో ప్రసిద్ధమైన సూత్రమొకటి ఉన్నది. పంపునప్పుడు నియమాన్ని కచ్చితంగా పాటించాలి, ఇతరులు పంపినదాన్ని స్వీకరించునప్పుడు ఉదారంగా ఉండాలి అని దాని సారం. ఈ ఔదార్యం వల్లనే భిన్న సంస్థల ప్రోగ్రాములు తొలినాళ్ళలో కలిసి పనిచేయగలిగాయన్నది నిజం. అయితే తప్పును ఓర్చుకొనే కొద్దీ తప్పే అలవాటై, చివరకు అదే నియమమై కూర్చుంటుందని తరువాతి ఇంజనీర్లు విమర్శించారు. ఆ విమర్శ కూడా న్యాయమైనదే. అక్షరదోషాలను చూచీ చూడనట్లు మార్కులు వేసిన అధ్యాపకులకు దీని ఫలితం బాగా తెలుసు.

సంఖ్యలు మనుషులకు గుర్తుండవు గనుక పేర్లు కావలసివచ్చాయి. పోస్టెల్ అప్పగించగా పాల్ మొకపెట్రిస్ 1983లో డొమైన్ నేమ్ వ్యవస్థను రూపొందించారు. దేశాలకు రెండక్షరాల గుర్తులు ఇవ్వవలసి వచ్చినప్పుడు పోస్టెల్ చూపిన వివేకం గమనింపదగినది. ఏది దేశం, ఏది కాదు అని తీర్పు చెప్పుట తన పని కాదని భావించి, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థవారి పట్టికను యథాతథంగా అనుసరించారు. మన దేశపు గుర్తు 1989లో నమోదయింది. 1994 మార్చిలో వ్రాసిన 1591వ పత్రంలో, ఒక దేశపు పేరును నిర్వహించేవారు యజమానులు కారనీ, ఆ ప్రజల తరఫున ధర్మకర్తలనీ, హక్కుల మాట కంటె బాధ్యతల మాట ముఖ్యమనీ స్పష్టం చేశారు. ఉర్దూలో దీనిని అమానత్ అంటాము.

కాని అమానత్‌కు కాగితం సాక్ష్యం ఉండదు. పేర్లు కోట్ల డాలర్ల వ్యాపారమైన తరువాత, ఈ గడ్డపు మనిషికి ఇంత అధికారం ఎవరిచ్చారన్న ప్రశ్న బయలుదేరింది. 1998 జనవరి 28న పోస్టెల్, పేర్ల వ్యవస్థకు మూలమైన సర్వర్లలో ప్రధానమైనది కాక మిగిలిన 12లో 8 సర్వర్ల నిర్వాహకులకు, ఇకపై ప్రభుత్వ ఒప్పందంలో ఉన్న సంస్థ కంప్యూటరును కాక తన కంప్యూటరును ఆధారంగా తీసుకొమ్మని వ్రాశారు. ఎనిమిదిమందీ మారుమాటాడక అలాగే చేశారు. వాడుకదారులకు ఏ ఇబ్బందీ కలుగలేదు. అధ్యక్ష భవనపు సలహాదారు ఐరా మాగజినర్ ఆగ్రహించారు. పోస్టెల్ దానిని ఒక పరీక్ష అని చెప్పి, పూర్వస్థితికి తెచ్చారు. రెండు రోజులకు ప్రభుత్వం ఈ వ్యవస్థ భవిష్యత్తుపై తన ప్రతిపాదన ప్రకటించింది. అది నిజంగా పరీక్షయేనా అన్నది ఇప్పటికీ చర్చనీయాంశమే. ప్రభుత్వాలకు ముద్రలున్నా, ఆ ఎనిమిదిమంది విశ్వాసం తనవైపే ఉన్నదని ఆయన ఒక్కసారి చూపదలచినట్లు నాకు తోస్తుంది. అది పొరపాటని అనేవారితో నేను వాదించను. ఒక్కని మీద ఇంత భారం ఉండరాదని కూడా ఆ సంఘటనే తెలిపింది.

భారం దించుకొనే ప్రయత్నంలో ఆయనే ముందున్నారు. ఆయన కృషితోనే ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ 1998 సెప్టెంబరు 30న నమోదయింది. అప్పటికి ఏడేళ్ళ ముందు, 1991లో, పోస్టెల్‌కు గుండె కవాటానికి శస్త్రచికిత్స జరిగి ఉన్నది. మళ్ళీ చికిత్స అవసరమై, దాని తరువాతి ఇబ్బందుల వలన 1998 అక్టోబరు 16న లాస్ ఏంజిల్స్‌లో మరణించారు. వయస్సు 55. పాత మిత్రుడు సెర్ఫ్ సంతాపం వ్రాసి, దానిని కూడా ఆ పత్రాల వరుసలోనే 2468వదిగా ప్రకటించారు. 28 సంవత్సరాలకు పైగా ఇతరుల పత్రాలకు సంఖ్యలు వేసిన వ్యక్తి మరణం అలా ఒక సంఖ్యగా నమోదయింది.

ఆయన పట్టిక ఆగలేదు. దానిపై అమెరికా ప్రభుత్వపు ఒప్పందం 2016 అక్టోబరు 1న ముగిసి, నిర్వహణ పూర్తిగా ఐకాన్‌కు చేరింది. అంతకుముందే, 2011లో, దేశాల గుర్తుల వరుసలో మన దేశపు పేరు ఏడు భాషలలో చేరింది. ఒకే పట్టికలో ఒక వరుసలో తెలుగు లిపిలోను, మరొక వరుసలో ఉర్దూ లిపిలోను భారత్ అనే మాట ఉన్నది. ఎడమ నుండి చదివినా, కుడి నుండి చదివినా, రెండూ చేరే దేశం ఒకటే. కంప్యూటరు గదికి వెళ్ళినప్పుడు మన విద్యార్థులు ఆ పట్టిక తెరచి చూడవచ్చు. అది నేటికీ అందరికీ ఉచితంగానే అందుబాటులో ఉన్నది.