ఆనందవన నిర్మాత బాబా ఆమ్టే

మన చంద్రపూరు జిల్లాలో వరోరా పట్టణమునకు సమీపమున ఆనందవనము కలదు. అచ్చట అంధ బాలబాలికలకును, బధిరులకును వేర్వేరు పాఠశాలలు నడచుచున్నవి. దీని స్థాపకులగు బాబా ఆమ్టేగారి చరిత్రమును మన విద్యార్థులు తెలిసికొనవలెనని మా కోరిక.

వారి అసలు పేరు మురళీధర్ దేవీదాస్ ఆమ్టే. 1914 డిసెంబరు 26వ తేదీన వార్ధా జిల్లా హింగన్‌ఘాట్‌లో సంపన్న కుటుంబమున జన్మించిరి. చిన్ననాట వేటయందును, యౌవనమున మోటారుబండియందును మక్కువ కలవారు. న్యాయశాస్త్రము చదివి వరోరాలో వకీలు వృత్తి చేసిరి.

ఒకనాడు వానలో తులసీరామ్ అను కుష్ఠురోగి కొనయూపిరితో పడియుండుట చూచి, వారు భయపడి ఇంటికి పరుగెత్తిరి. కాని ఆ భయమే వారి మనస్సును కలచివేసెను. మరలి వచ్చి, నీడ కల్పించి, అతడు కన్నుమూయువరకు సేవ చేసిరి. పారిపోయిన చోటికే తిరిగివచ్చుట వారి జీవితమును మార్చివేసినది. పిదప కలకత్తాలో కుష్ఠు చికిత్స అభ్యసించిరి. 1949లో భార్య సాధనాతాయి తోడుగా, ఆరుగురు రోగులు, ఒక కుంటి ఆవు, 14 రూపాయలతో ఆనందవనము నారంభించిరి. రాళ్లభూమి చేనయ్యెను. రోగులు భిక్షాపాత్ర విడిచి నాగలి, మగ్గము పట్టిరి. క్రమముగా అంధులకును, బధిరులకును, వికలాంగులకును అచ్చట చోటు లభించెను.

ఇట్టివారికి విద్య చెప్పుట సులభము కాదు. అంధునకు వ్రేలికొనలే కన్నులు. లూయీ బ్రెయిల్ రూపొందించిన ఆరు చుక్కల లిపిని స్పర్శచే చదువును. నేడు కుష్ఠు ఔషధములచే పూర్తిగా నయమగును గాని, చికిత్స ఆలస్యమైనచో చూపును, వ్రేళ్ల స్పర్శను కూడ హరింపవచ్చును. అట్టివానికి చెవియే శరణ్యము. బధిరునకు కన్నే ద్వారము, సంజ్ఞయే భాష. చూపు, వినికిడి రెండును లేని హెలెన్ కెల్లర్‌కు 1887లో ఆన్ సలివాన్ అరచేతిలో వ్రేళ్ల గుర్తులతో అక్షరములు నేర్పెను. ఏ బిడ్డకు ఏ ద్వారము తెరచియున్నదో కనుగొనుటయే గురువు మొదటి పని. ఇంటిభాష ఒకటి, ఊరిభాష వేరొకటి అయిన మనకు ఈ మాట సులభముగనే బోధపడును.

వెన్నెముక వ్యాధివలన ఆమ్టేగారు కడపటి దశాబ్దములలో కూర్చుండలేకపోయిరి. నిలుచుండియో, పరుండియో పనిచేసిరి. 1985లో మెగసెసే పురస్కారము, 1986లో పద్మవిభూషణ్ వారికి లభించినవి. 2008 ఫిబ్రవరి 9న ఆనందవనముననే కన్నుమూసిరి. వారి దేహమును దహింపక, ఆ నేలయందే ఖననము చేసిరి.

తల్లిదండ్రులారా, చూపులేని బిడ్డ, వినలేని బిడ్డ మన ఇంట నున్నచో సిగ్గుపడి దాచవలదు, బడికి పంపుడు. విద్యార్థులారా, ఆనందవనమునకు పోయినప్పుడు జాలిపడి రాకుడు. ఒక పని నేర్చుకొని రండు.