వాల్‌చంద్ హీరాచంద్ (1882–1953)

విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డు గురించి మీరు వినే ఉంటారు. దాన్ని ప్రారంభించిన వాల్‌చంద్ హీరాచంద్ షోలాపూర్‌లో జన్మించారు. ఓడలు, విమానాలు మన దేశంలోనే తయారు కావాలని ఆయన పట్టుదల.

1940లో మైసూరు సంస్థాన ప్రభుత్వంతో కలిసి బెంగుళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థను స్థాపించారు. సంస్థానం స్థలం, పెట్టుబడి సమకూర్చింది, చొరవ ఆయనది. 1941లో భారత ప్రభుత్వం కూడా వాటాదారైంది. అయితే 1942లో యుద్ధ అవసరాల వల్ల ఆ కర్మాగారం పూర్తిగా ప్రభుత్వం చేతికి వెళ్లింది.

ఆయన సారథ్యంలోని సింధియా కంపెనీ 1941లో విశాఖలో షిప్‌యార్డుకు పునాది వేసింది. అక్కడ తయారైన 'జలఉష' నౌకను 1948లో నెహ్రూ జలప్రవేశం చేయించారు. 1952లో ప్రభుత్వం అందులో అధిక వాటా తీసుకుంది.

ఈ రెండు సంస్థలూ నేడు రక్షణ మంత్రిత్వ శాఖ కింద ఉన్నాయి. వాటి యాజమాన్యం ఆయన కుటుంబానికి దక్కలేదు. ఆయన తలపెట్టిన పని మాత్రం దేశానికి మిగిలింది.

ఆలోచించండి: ప్రభుత్వం తోడు లేకపోతే ఆయన, ఆయన చొరవ లేకపోతే ప్రభుత్వం ఈ పని చేయగలిగేవారా?