స్వాంటే అర్హీనియస్

స్వీడన్ దేశంలోని ఉప్సాలా నగరానికి సమీపాన 1859 ఫిబ్రవరి 19న స్వాంటే అర్హీనియస్ జన్మించాడు. మూడేళ్ల వయసులోనే, ఎవరూ నేర్పకుండానే ఆయన చదవడం నేర్చుకున్నాడు. తండ్రి జమాఖర్చుల పుస్తకాలు చూస్తూ లెక్కలపై మక్కువ పెంచుకున్నాడు.

నీటిలో కరిగిన లవణాల గుండా విద్యుత్తు ఎలా ప్రవహిస్తుందో పరిశోధించి, 1884లో ఉప్సాలా విశ్వవిద్యాలయానికి సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. ఆచార్యులు దానిని మెచ్చలేదు. అతి తక్కువ శ్రేణిలో పట్టా ఇచ్చి సరిపెట్టారు. ఆయన నిరుత్సాహపడక ఆ గ్రంథాన్ని ఇతర దేశాల శాస్త్రజ్ఞులకు పంపాడు. ఆస్ట్వాల్డ్ వంటి మేధావులు దాని విలువ గుర్తించారు. ఆ కృషికే 1903లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ బహుమతి పొందిన మొదటి స్వీడన్ దేశీయుడు ఆయనే.

పూర్వం భూమిని మంచు కప్పివేసిన యుగాలు ఎందుకు వచ్చాయి? ఈ ప్రశ్న ఆయనను ఎంతగానో ఆకర్షించింది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు భూమి నుండి వెలువడే వేడిని పట్టి ఉంచుతుందని అప్పటికే తెలుసు. ఆ వాయువు తగ్గినా పెరిగినా ఏమవుతుందో లెక్కించాలని ఆయన 1894లో పూనుకున్నాడు. గణనయంత్రాల సాయం లేదు. కుటుంబంలో కలతలు రేగాయి. అయినా ఏడాదిపాటు కాగితం మీద వేలాది లెక్కలు చేశాడు. ఆ వాయువు రెట్టింపయితే భూమి వేడి 5, 6 డిగ్రీలు పెరుగుతుందని 1896లో ప్రకటించాడు. నేటి శాస్త్రజ్ఞుల అంచనా సుమారు 3 డిగ్రీలు.

కర్మాగారాలలో మండే బొగ్గు ఈ వాయువును పెంచుతోందని ఆయన గ్రహించాడు. కాని అది రెట్టింపు కావడానికి వేల ఏళ్లు పడుతుందని మొదట తలచాడు. చలిదేశాలకు ఆ వేడి మేలే చేస్తుందని కూడా భావించాడు. ఈ రెండు విషయాల్లోనూ ఆయన ఊహ తప్పింది. ఆయన లెక్కలు వేసిన నాడు పదిలక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు 300 పాళ్ల లోపే ఉండేది. 2024 నాటికి అది 420 పాళ్లు దాటింది.

బొగ్గు, చమురు ఎల్లకాలం ఉండవని, వాటిని పొదుపుగా వాడాలని అర్హీనియస్ జీవిత చరమదశలో హెచ్చరించాడు. జలపాతాల శక్తిని, సూర్యశక్తిని వాడుకోవడం గురించి ఆలోచించాడు. 1927 అక్టోబరు 2న స్టాక్‌హోమ్‌లో కన్నుమూశాడు.

సౌరఫలకాలు, గాలిమరలు తయారు చేయడానికి కూడా ఇంధనం కావాలి కదా! తయారీ మొదలుకొని పాతబడి తీసివేసే వరకు అయ్యే మొత్తాన్ని లెక్కకట్టిన నిపుణుల అంచనాలు 2014లో వెలువడ్డాయి. వాటి ప్రకారం ఒక యూనిట్ విద్యుత్తుకు బొగ్గు నుండి సుమారు 820 గ్రాముల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన వాయువులు గాలిలో చేరతాయి. సౌరఫలకాల వల్ల చేరేవి 50 గ్రాముల లోపు. నేలమీది గాలిమరల వల్ల చేరేవి 11 గ్రాములు మాత్రమే. అర్హీనియస్ కాగితం మీద మొదలుపెట్టిన లెక్క నేటికీ ఇలా కొనసాగుతూనే ఉంది.