కచేరీ డబ్బులతో కట్టిన గుడి

ఏటా పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో, కావేరి ఒడ్డున, త్యాగరాజస్వామి సమాధి ఎదుట వందలమంది విద్వాంసులు కూర్చుని పంచరత్న కీర్తనలు కలిసి పాడతారు. రేడియోలోనో టీవీలోనో మనలో చాలామంది విన్నవాళ్ళమే. ఆ గుంపులో ఆడవాళ్ళు మగవాళ్ళకి ఏమీ తీసిపోకుండా కనిపిస్తారు. ఒకప్పుడు ఆ ఉత్సవంలో ఆడగొంతు వినపడడానికే వీల్లేదంటే ఈ కాలం పిల్లలు నమ్మరు. అంతకంటే విచిత్రం ఏమిటంటే, ఆ సమాధికి గుడి కట్టించింది ఒక ఆడమనిషే. రాణీగారో, జమీందారుగారి భార్యో కాదు. పాట పాడి నాలుగు డబ్బులు వెనకేసుకున్న దేవదాసి, బెంగుళూరు నాగరత్నమ్మ.

ఆవిడ 1878 నవంబరు 3న మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టింది. తల్లి పుట్టలక్ష్మి. తండ్రి సుబ్బారావు అనే వకీలు. ఆయన ఆదరణ ఎంతోకాలం నిలవలేదు. పసిబిడ్డని ఎత్తుకుని తల్లి మైసూరులో తిమ్మయ్య శాస్త్రి అనే పండితుణ్ణి ఆశ్రయించింది. సంస్కృతం, సంగీతం ఆ ఇంట్లోనే మొదలయ్యాయి. ఆ నీడ కూడా పోయాక బెంగుళూరులో వయొలిన్ విద్వాంసుడైన మేనమామ చేరదీశాడు. అక్కడ మునుస్వామప్పగారి దగ్గర గట్టి శిక్షణ దొరికింది. ఆయనది త్యాగరాజస్వామి శిష్యుల పరంపర. పద్నాలుగేళ్ళకే తల్లిని పోగొట్టుకున్న పిల్ల ఇంకెవరి మీదా ఆధారపడకూడదని అప్పుడే నిశ్చయించుకుందేమో అని నాకనిపిస్తుంది.

తరవాత మద్రాసు చేరింది. సభల్లో, పెళ్ళిపందిళ్ళలో, పెద్దల ఇళ్ళ హాళ్ళలో ఆవిడ పాట మారుమోగింది. మూడు దశాబ్దాలలో వెయ్యికి పైగా కచేరీలు! వాటి లెక్కలన్నీ డైరీలో రాసి పెట్టుకునేది. మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన మొదటి కళాకారిణి ఆవిడేనని చెబుతారు. ఇంటి ఖర్చుల పద్దు రాసుకునే మనకి ఈ మాట విలువ తెలుస్తుంది. డబ్బు ఎంత వచ్చిందో, ఎక్కడికి పోతోందో ఎరిగిన మనిషి అన్నమాట.

ఇక్కడ ఒక పుస్తకం సంగతి చెప్పాలి. తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి రాసిన ‘రాధికా సాంత్వనము’ నాగరత్నమ్మ కంటపడింది. అంతకుముందు అచ్చయిన ప్రతిలో కవయిత్రి తన గురించి, తన వంశం గురించి చెప్పుకున్న పద్యాలే లేవు! తాళపత్రాలు సంపాదించి, సరిచూసి, 1910లో వావిళ్ళవారి ద్వారా పూర్తి కావ్యం వేయించింది. శృంగారం మగకవులు రాస్తే పాండిత్యం, ఆడది రాస్తే బూతు ఎలా అయిందని కందుకూరి వీరేశలింగంగారంతటి పెద్దమనిషితోనే వాదానికి దిగింది. మరుసటి ఏడాది ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవతో ఆ నిషేధం తొలిగి, 1952లో పుస్తకం మళ్ళీ వచ్చింది.

ఇక 1921. మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్పగారి నుంచి ఉత్తరం వచ్చింది. తిరువయ్యారులో స్వామి సమాధి పాడుపడి వుందనీ, పట్టించుకునే నాథుడు లేడనీ దాని సారాంశం. 1847లో స్వామి కాలం చేశాక, 1903లో ఉమయాళ్పురం శిష్యులు బాగుచేయించిన సమాధి అది. మళ్ళీ మొదటికొచ్చింది. స్వామి పాటలతోనే బతుకుతున్న విద్వాంసులు ఎందరు లేరు? నాగరత్నమ్మ మాత్రం బయల్దేరి వెళ్ళింది. ఆ స్థలం సంపాదించింది. 1921 అక్టోబరులో శంకుస్థాపన చేయించింది.

శంకుస్థాపన ఒక్కరోజు పని. గోడలు లేవాలంటే డబ్బు కావాలి కదా! కచేరీలలో వచ్చింది వచ్చినట్టే అక్కడికి పంపింది. అది చాలకపోతే నగలు అమ్మింది. ఒంటిమీద బంగారం అంటే ఆడవాళ్ళకి, అందులోనూ ముందూ వెనకా ఎవరూ లేని ఆడదానికి ఎంత ధైర్యమో చెప్పనక్కర్లేదు. ఒక్కో కచేరీ ఒక్కో వరస ఇటుకలు అయింది. 1925 జనవరి 7న స్వామి విగ్రహం ప్రతిష్ఠించారు.

గుడి అయితే లేచింది గానీ, అక్కడ పాడడానికి ఆవిడకి హక్కు లేదట! అప్పటికే ఆరాధన చేసేవాళ్ళు పెద్ద పక్షం, చిన్న పక్షం అని రెండుగా చీలి వున్నారు. వాళ్ళలో వాళ్ళకి ఎన్ని తగాదాలున్నా, ఆడవాళ్ళని పాడనివ్వకూడదన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. డబ్బు పనికొచ్చింది, గొంతు పనికిరాలేదు. నాకైతే ఆ గుడికి తాళం వేసేసి మద్రాసు రైలెక్కేసేదాన్నేమో అనిపిస్తుంది. ఆవిడ అలా చెయ్యలేదు. 1927లో దేవదాసీ గాయనులను నలభైమందిదాకా కూడగట్టి, సమాధి వెనకవైపున ఆడవాళ్ళ ఆరాధన మొదలుపెట్టింది. ముందువైపు మగవాళ్ళు, వెనకవైపు వీళ్ళు. అలా మూడో పక్షం పుట్టింది. ఆ రోజుల్లోనే మద్రాసు దేవదాసీల సంఘానికి అధ్యక్షురాలై, దేవదాసీల మీద చట్టం తెస్తున్నవాళ్ళకి ఎదురు నిలబడింది కూడా. ఆ విషయంలో ఆవిడతో మనం ఏకీభవించకపోవచ్చు. కానీ తమ గురించి తీర్మానాలు చేసేటప్పుడు తమని కూడా ఒక మాట అడగాలన్న పట్టుదలని కాదనలేం.

పదమూడు పద్నాలుగేళ్ళు ఆ పోరు సాగింది. 1940 ప్రాంతంలో పక్షాలన్నీ రాజీపడి ఒకే ఆరాధన చెయ్యడానికి ఒప్పుకున్నాయి. ఆడవాళ్ళు ముందువైపుకి వచ్చారు.

వయసు మళ్ళాక ఆవిడ తిరువయ్యారులోనే వుండిపోయింది. నోటిమాట మీద ఆవిడకి నమ్మకం లేదు మరి! 1949లో వీలునామా రాసి, ఆస్తి అంతా స్వామి పేర ట్రస్టుకి అప్పగించింది. దేవదాసీలతో సహా ఆడవాళ్ళెవరైనా ఆ సన్నిధిలో పాడుకోవచ్చని, అడ్డు చెప్పకూడదని అందులో ఖరాఖండిగా రాయించింది.

1952 మే 19న కన్నుమూసింది. స్వామి సమాధికి దగ్గరలోనే ఆవిడకీ సమాధి కట్టారు. అందులో ఆవిడ విగ్రహం స్వామి గుడివైపే చూస్తూ వుంటుంది.