రుడాల్ఫ్ డీజిల్

రుడాల్ఫ్ క్రిస్టియన్ కార్ల్ డీజిల్ (మార్చి 18, 1858 - సెప్టెంబరు 29, 1913) జర్మనీ దేశానికి చెందిన ప్రముఖ ఇంజనీరు, డీజిల్ ఇంజను రూపకర్త. ఇంజనుకూ, అందులో వాడే ఇంధనానికీ కూడా ఈయన పేరే స్థిరపడింది. తాండూరు, బషీరాబాద్ ప్రాంతముల నుండి నాపరాళ్ళను, సిమెంటును మోసుకుపోయే లారీలు మొదలుకొని మహాసముద్రాలు దాటే ఓడల వరకు ఈయన సూత్రముపైనే నడుస్తున్నాయి. లోకానికి ఇంతటి ఉపకారం చేసిన ఈ శాస్త్రవేత్త అప్పులలో కూరుకుపోయి, సముద్రంలో అదృశ్యమై మరణించాడు.

బాల్యము, విద్యాభ్యాసము

డీజిల్ పారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు థియోడర్, ఎలీస్ జర్మనీ నుండి వలస వచ్చినవారు. తండ్రి తోలు వస్తువులు తయారుచేసేవాడు. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య యుద్ధం రావడంతో జర్మన్ కుటుంబాలు పారిస్ విడిచిపోవలసి వచ్చింది. డీజిల్ కుటుంబం లండను చేరింది. పన్నెండేళ్ళ రుడాల్ఫ్‌ను అక్కడి నుండి జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఉన్న బంధువుల ఇంటికి పంపారు. ఆ ఇంటి యజమాని క్రిస్టోఫ్ బార్నికెల్ గణిత ఉపాధ్యాయుడు. ఆయన సంరక్షణలో చదువుకున్న రుడాల్ఫ్ పదునాలుగేళ్ళకే తాను ఇంజనీరు కావాలని నిశ్చయించుకున్నాడు.

1875లో ఉపకార వేతనంతో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు. అక్కడ శీతలీకరణ శాస్త్రంలో పేరొందిన కార్ల్ ఫాన్ లిండే ఆయనకు గురువు. ఆనాటి ఆవిరి యంత్రాలు బొగ్గులోని శక్తిలో సుమారు పదోవంతు మాత్రమే పనిగా మారుస్తాయని, మిగిలినదంతా వృథా అవుతుందని డీజిల్ ఈ తరగతులలోనే గ్రహించాడు. ఆ వృథాను అరికట్టడమే ఆయన జీవిత లక్ష్యమైంది. టైఫాయిడ్ జ్వరం వలన 1879లో పరీక్షకు హాజరు కాలేకపోయినా, 1880 జనవరిలో అత్యుత్తమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు.

ఆవిష్కరణ

చదువు ముగిశాక పారిస్‌లో లిండే సంస్థ తరఫున మంచు కర్మాగారాలలో పనిచేశాడు. 1883లో మార్తా ఫ్లాషేను వివాహమాడాడు. వారికి ముగ్గురు సంతానము. అమ్మోనియా ఆవిరితో నడిచే యంత్రంపై ప్రయోగాలు చేస్తుండగా అది పేలి, ఆయన తీవ్రంగా గాయపడ్డాడు. 1890లో కుటుంబంతో బెర్లిన్ చేరి కొత్త మార్గాన్ని అన్వేషించాడు.

ఆయన ఆలోచన ఇది. సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం అందరికీ తెలిసినదే. సిలిండరులోని గాలిని అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా నొక్కితే అది విపరీతంగా వేడెక్కుతుంది. ఆ క్షణంలో ఇంధనాన్ని చిమ్మితే నిప్పురవ్వ అవసరం లేకుండానే అది మండుతుంది. ఈ పద్ధతిపై 1892లో దరఖాస్తు చేయగా 1893 ఫిబ్రవరిలో పేటెంటు లభించింది.

ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారము, క్రుప్ సంస్థ ప్రయోగాలకు ధనసహాయం చేశాయి. 1893 ఆగస్టులో జరిగిన తొలి పరీక్ష విఫలమైంది. 1894 ఫిబ్రవరి 17న ఇంజను సుమారు ఒక నిమిషం సేపు తనంతట తాను నడిచింది. మరో మూడేళ్ళ శ్రమ తరువాత, 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ పరీక్షించగా ఇంజను సామర్థ్యం 26.2 శాతంగా తేలింది. ఆ ఇంజను ప్రస్తుతము మ్యూనిక్‌లోని డాయిష్ మ్యూజియంలో ఉన్నది.

కీర్తి, కష్టాలు

ఈ విజయంతో డీజిల్ కొద్దికాలంలోనే ధనవంతుడయ్యాడు. అమెరికా హక్కులను అడాల్ఫస్ బుష్ కొన్నాడు. అయితే కొనుగోలుదారులకు పంపిన తొలి ఇంజన్లు తరచుగా చెడిపోయాయి. పేటెంటు వివాదాలు, ఎడతెగని శ్రమ ఆయన ఆరోగ్యాన్ని దెబ్బతీశాయి. 1898లో విశ్రాంతి కొరకు చికిత్సాలయంలో చేరవలసి వచ్చింది. తన కంటే ముందే హెర్బర్ట్ అక్రాయిడ్ స్టువర్ట్ ఇటువంటి ఇంజను చేశాడన్న వాదము కూడా ఆయనను బాధించింది. స్టువర్ట్ ఇంజనులో ఇంధనం మండటానికి వేడి గుండు అవసరము; డీజిల్ ఇంజనులో గాలి పీడనమే ఆ పని చేస్తుంది.

చిన్న వృత్తిపనివారికి చవకైన ఇంజను అందితే వారు పెద్ద కర్మాగారాలకు దీటుగా నిలువగలరని డీజిల్ ఆశించాడు. కార్మికులు కలిసి యాజమాన్యం వహించే సమాజాన్ని ప్రతిపాదిస్తూ 1903లో ఒక గ్రంథం వ్రాశాడు. దానికి ఆదరణ లభించలేదు.

1900 పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజనుకు అత్యున్నత బహుమతి దక్కింది. అక్కడే ఒట్టో కంపెనీ వేరుశనగ నూనెతో ఒక చిన్న ఇంజనును నడిపి చూపింది. ముందుముందు మొక్కల నూనెలు కూడా ముఖ్యమైన ఇంధనాలు కాగలవని డీజిల్ 1912లో అభిప్రాయపడ్డాడు. తెలుగునాట కానుగ నూనె వంటి వాటిపై ఇటీవల జరిగిన ప్రయత్నాలకు ఇది పూర్వరంగమని చెప్పవచ్చు.

మరణము

భవనాలు, స్థలాలు, చమురు వ్యాపారంలో పెట్టిన సొమ్ము నష్టపోవడంతో 1913 నాటికి డీజిల్ అప్పులపాలయ్యాడు. ఆ సంవత్సరం సెప్టెంబరు 29న ఆంట్వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కి ఇంగ్లండుకు బయలుదేరాడు. రాత్రి భోజనం తరువాత ఉదయం 6:15కు తనను లేపమని చెప్పి గదికి వెళ్ళాడు. ఉదయానికి గది ఖాళీగా ఉంది. పక్క నలగలేదు. టోపీ, కోటు ఓడ వెనుకభాగాన దొరికాయి. సుమారు పది రోజులకు ఒక డచ్చి పడవవారికి సముద్రంలో శవం కనిపించింది. దాని నుండి తీసిన వస్తువులను కుమారుడు యూజెన్ గుర్తించాడు. శవాన్ని తిరిగి సముద్రంలోనే విడిచారు.

ప్రయాణానికి ముందు ఆయన భార్యకు ఒక సంచి ఇచ్చి, వారం తరువాతే తెరవమన్నాడు. అందులో 20,000 మార్కులు, బ్యాంకు ఖాతాలు దాదాపు ఖాళీ అని తెలిపే కాగితాలు ఉన్నాయి. డైరీలో సెప్టెంబరు 29 వద్ద శిలువ గుర్తు ఉంది. ఆత్మహత్య అని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. హత్య అని వాదించినవారూ ఉన్నారు. ఏదీ నిర్ధారణ కాలేదు.

లారీలు, ఇంజన్ ఆయిల్ శుద్ధి

డీజిల్ జీవించి ఉన్న కాలంలో ఆయన ఇంజను చాలా బరువైనది. ఓడలకు, కర్మాగారాలకే పనికివచ్చేది. లారీలలో 1920లలో ప్రవేశించింది. 1927 నుండి బాష్ సంస్థ తయారుచేసిన ఇంధన పంపులు దానిని సులభతరం చేశాయి. భారతదేశంలో టాటా సంస్థ 1954 నుండి మెర్సిడెస్-బెంజ్ సహకారంతో డీజిల్ లారీలు తయారుచేసింది.

ఈ ఇంజనుకు ఒక సహజమైన ఇబ్బంది ఉంది. ఇంధనం మండినప్పుడు పుట్టే మసి కొంత ఇంజన్ ఆయిల్‌లో కలిసి దానిని నల్లబరుస్తుంది. క్వారీ రోడ్ల దుమ్ము, అరిగిన లోహపు రజను దానికి తోడవుతాయి. మామూలు ఆయిల్ ఫిల్టరు గుండా ఆయిల్ అంతా ఆగకుండా ప్రవహించాలి కనుక దాని రంధ్రాలను మరీ సన్నగా చేయరాదు. అతి సన్నని రేణువులు అందులో నుండి దాటిపోతాయి. ఈ లోపాన్ని పూరించడానికి బైపాస్ ఫిల్టరును అదనంగా అమర్చుతారు. ఇది మొత్తం ప్రవాహంలో సుమారు పదోవంతును లేదా అంతకంటే తక్కువను ఒక సన్నని రంధ్రం గుండా తీసుకొని, నెమ్మదిగా వడగట్టి, మెకానిక్కులు చాంబరు అని పిలిచే తొట్టిలోకి తిరిగి పంపుతుంది. కొన్నింటిలో దట్టమైన కాగితం లేదా నూలు వడపోత ఉంటుంది. మరికొన్ని వేగంగా తిరుగుతూ మురికిని గోడకు చేర్చే సెంట్రిఫ్యూజ్ రకానికి చెందినవి.

ఎంపిక చేసేటప్పుడు ఇంజనులో పట్టే ఆయిల్ పరిమాణము, పంపు పీడనము, మార్చవలసిన వడపోత భాగాలు దగ్గరలో దొరికే వీలు చూసుకోవాలి. అమర్చిన తరువాత గొట్టాలు రాపిడికి లోనుకాకుండా, కీళ్ళ వద్ద కారకుండా గమనించాలి. గొట్టం తెగితే ఆయిల్ అంతా పోయి ఇంజను పట్టేస్తుంది. ఫిల్టరు పట్టే మేరకు అదనపు ఆయిల్ పోయాలి. ఇంజను బాగా వేడెక్కినా ఫిల్టరు డబ్బా చల్లగానే ఉంటే లోపల ప్రవాహం ఆగిందని భావించాలి. ఆయిల్‌లో కలిసిన డీజిల్‌ను గాని, రేడియేటరు నీటిని గాని ఇది సంపూర్ణంగా తొలగించలేదు. తరిగిపోయిన రసాయనాలను తిరిగి చేర్చనూ లేదు. కనుక ఆయిల్ మార్చే గడువును నమూనా పరీక్ష చేయించిన తరువాతనే పెంచాలి.

స్మృతి

జపాన్‌కు చెందిన మాగోకిచి యమఓకా 1933లో చిన్న డీజిల్ ఇంజనును రూపొందించాడు. ఆయనే 1957లో ఆగ్స్‌బర్గ్‌లో డీజిల్ స్మారకోద్యానాన్ని సమర్పించాడు. కరెంటు చేరని రోజులలో తెలుగునాట సాగుబావుల నుండి నీరు తోడిన ఆయిల్ ఇంజన్లూ ఈ జాతివే. చిన్న పనివాని చేతికి యంత్రశక్తి అందాలన్న డీజిల్ ఆశయం ఆయన మరణానంతరం ఈ విధంగా కొంతవరకు నెరవేరింది.