డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

బెజవాడనుండి గుడివాడ మీదుగా తూర్పునకు బోవు రైలుబండి నెక్కినచో వరిచేలను, కాలువలను దాటి భీమవరము చేరుదుము. ఆ పట్టణమున 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీని యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. వారి పేరు మన విద్యార్థులలో పలువురు వినియుందురు. వారు చేసిన పని యేమో యెరిగినవారు కొలదిమందియే. కావున నా సంగతిని కొంత వివరింప దలచితిమి.

తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. కుటుంబము పెద్దది, ఆదాయము స్వల్పము. బాల్యమున సుబ్బారావుగారికి చదువుపై మనస్సు నిలువలేదు. కాశికి బోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనమార్జింపవలెనని యిల్లు విడిచిరి. తల్లి వెదకించి, వెనుకకు రప్పించి, మరల బడికి బంపెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసారులు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. పరీక్ష తప్పిన బాలుని నిష్ప్రయోజకునిగా నెంచు నలవాటు తలిదండ్రులలోనేగాక మా యుపాధ్యాయులలోను గలదు. ఈ చరిత్ర చదివినప్పుడెల్ల మేము మా తరగతి పట్టీలను మరియొకమారు చూచుకొనుచుందుము.

మద్రాసు వైద్యకళాశాలలో చదువునప్పుడు వారు ఖద్దరు ధరించి ఒక ఆచార్యుని యాగ్రహమునకు గురియైరి; అందుచే పూర్తి పట్టమునకు బదులు ఎల్. ఎం. ఎస్. మాత్రమే లభించెను. అంతకంటె ఘోరమైన దుఃఖము మరియొకటి. ఇరువురు సోదరులు స్ప్రూ అను గ్రహణివ్యాధిచే కొద్దిదినముల వ్యవధిలోనే మరణించిరి. వైద్యవిద్య నభ్యసించియు వారిని కాపాడలేకపోయిన బాధ సుబ్బారావుగారి హృదయమున నిలిచిపోయెను.

1923లో, భార్య శేషగిరిగారిని స్వదేశమున విడిచి, వారు అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచు, జీవనమునకై ఆసుపత్రిలో సేవకునిపనియు జేసిరి. అచట సైరస్ ఫిస్కేగారితో గలిసి 1925లో రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఆ పద్ధతి యిట్టిది: రక్తమునుండి మాంసకృత్తులను తొలగించి, మిగిలిన ద్రవమునకు ఆమ్లముతోగూడిన మాలిబ్డేటును, పిదప మరియొక ద్రవ్యమును గలిపినచో నీలివర్ణము పుట్టును. రంగు ఎంత చిక్కనైన, భాస్వరము అంత యెక్కువ.

కండరముల రసమును ఇట్లు పరీక్షింపగా రంగు వెంటనే పూర్తిగా రాక, క్రమక్రమముగా చిక్కబడెను. ఇతరులు దీనిని పరీక్షలోని లోపమని విడిచియుందురేమో! వీరు విడువలేదు. ఏదో పదార్థము మెల్లగా విచ్ఛిన్నమై భాస్వరమును వదలుచున్నదని గ్రహించి, 1927లో ఫాస్ఫోక్రియాటినును వెల్లడించిరి. అంతకుముందు, గ్లైకోజను అను చక్కెరనిలువ లాక్టికామ్లముగా మారుటయే కండరశక్తికి నేరైన కారణమని శాస్త్రజ్ఞులు నమ్మియుండిరి. ఆ నమ్మకము సడలెను. 1929లో వీరు ఏ. టి. పి. అను పదార్థమునుగూడ వేరుపరచిరి. జర్మనీలో లోమన్ గారును ఆ సంవత్సరముననే దానిని కనుగొనిరి. ఇందు అడినీను, రైబోసు అను చక్కెర, మూడు ఫాస్ఫేటులు గలవు. మనము తిన్న చక్కెరలోని శక్తి కండరమునకు చేరుట దీనిద్వారానే.

నేటి ప్రయోగశాలలలో ఇట్టి పదార్థములను మాస్ స్పెక్ట్రోమీటరను యంత్రముతో గుర్తింతురు. అది అణువులకు విద్యుదావేశమిచ్చి వాని బరువును తెలుపును. గ్లూకోసు బరువు 180. ఫాస్ఫేటు చేరినచో 260. అయినను గ్లూకోసు, గెలాక్టోసు, మానోసు మూడును 180 బరువు గలవే. కావున బరువొక్కటే చాలదు. అణువు ముక్కలగు తీరును, వడపోతలో నది వెలువడు కాలమునుగూడ గమనింపవలెను. యంత్రమెంత గొప్పదైనను గమనించు కన్ను వలయును.

హార్వర్డులో స్థిరమైన యుద్యోగము దొరకమిచే 1940లో వారు లెడర్లే ప్రయోగశాలలకు బోయిరి. అచట వారి నాయకత్వమున 1945లో ఫోలికామ్లము కృత్రిమముగా తయారయ్యెను. సోదరులను బలిగొన్న స్ప్రూవ్యాధికి ఔషధమదియే! దానిని బోలిన పదార్థములు రక్తపు కాన్సరుతో బాధపడు పిల్లలకు తొలిసారిగా ఉపశమనము కలిగించెను. వానిలో మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. 1947లో వెలువడిన హెట్రజాను బోదకాలు వ్యాధికి మందు. మన డెల్టా గ్రామములలో ఆ వ్యాధి నెరుగనివారెవరు? 1948లో ఆరియోమైసినును అచటనే వెలువడెను.

1948 ఆగస్టు 8వ తేదీని న్యూయార్కులో నిద్రలోనే వారి హృదయ మాగిపోయెను. వయస్సు 53 సంవత్సరములు. పాతికేండ్లు గడచినను వారు స్వదేశమునకు మరల రాలేదు. శేషగిరిగారి నిరీక్షణ ఫలింపలేదు. ఆ ఔషధములచే కోలుకొన్న యిండ్లను తలచునప్పుడు, వాని వెలలో కొంత యీ యిల్లాలు చెల్లించినదని మనము మరువరాదు.

1995లో భారతప్రభుత్వము వారి పేర తపాలాబిళ్లను వెలువరించెను. బాలబాలికలారా! పరీక్షలో తప్పినచో కృంగకుడు. పరీక్షనాళికలో రంగు ఆలస్యముగా వచ్చినచో దానిని పారబోయకుడు, కారణమేమని యడుగుడు.